తిత్లీ రోజు నాన్న చేసిన ఫోను: నా జ్ఞాపకాన్ని నమ్మాలా, అన్నయ్య మాటనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను అమ్మా. క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీది సోంపేట వైపు ఉద్దానం ఊరు. తిత్లీ తుపాను వచ్చిన రోజు నాన్నగారు ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం, హాస్టల్ గదిలో పడుకుని ఉన్నారు, స్క్రీన్ మీద 'నాన్న' అని చూశారు, లేచాక చేద్దాంలే అని ఫోన్ బోర్లా పెట్టేశారు. సాయంత్రం చేస్తే కలవలేదు. ఆ తుపానుకి కొబ్బరితోట మొత్తం పడిపోయింది. నాన్నగారు దిగులు పట్టుకుని ఏడాదిన్నరకి కాలం చేశారు. "ఆ ఒక్క ఫోను ఎత్తి ఉంటే" అన్నది ఏడేళ్ళుగా మిమ్మల్ని తినేస్తోంది. మొన్న ఆబ్దికానికి ఊరెళ్తే మీ అన్నయ్య "ఆ రోజు ఫోన్లెక్కడివి, టవర్లే పడిపోతే" అన్నారు. మాటా మాటా పెరిగింది. ఎవరి జ్ఞాపకం నిజం, గతాన్ని పక్కన పెట్టి ఇప్పట్లో ఎలా బతకాలి అని అడిగారు. పాత ఫోన్ ఇంకా డ్రాయర్‌లో ఉంది, ఛార్జింగ్ పెట్టి చూడమంటారా అని చివర్లో ఒక వాక్యం.

నేను డాక్టర్ని కాను. శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో ముప్ఫై నాలుగేళ్ళు క్రిమినల్ కేసులు చూసిన ప్లీడర్ని. ఇప్పుడు నల్లకోటు విప్పేసి శ్రీకాకుళంలో ఇంటిపట్టున ఉంటున్నాను. నా బతుకంతా ఎదుటివాళ్ళ జ్ఞాపకాల మీదే గడిచింది. బోనెక్కిన మనిషికి ఏం గుర్తుంది, గుర్తుందనుకుంటున్నది ఎక్కడి నుంచి వచ్చింది అని తవ్వడమే పని. దొంగసాక్షులతో పెద్ద ఇబ్బంది ఉండదు, మూడో ప్రశ్నకి దొరికిపోతారు. కష్టమంతా నిజాయితీపరులతోనే.

ఒక కేసు చెబుతాను. గట్టు తగాదాలో రాత్రిపూట ఒకతని తల పగిలింది. చూసిన సాక్షి ఒక ముసలామె. వీధి స్తంభం లైటు వెలుగులో నా ముద్దాయి మొహం బాగా చూశానని చీఫ్‌లో, అంటే పిలిచిన పక్షం ప్లీడరు మొదట అడిగేటప్పుడు, చెప్పింది. ఆ రాత్రి ఆ ఊరికి కరెంటే లేదు. సబ్‌స్టేషన్ రిజిస్టరు తెప్పించి కోర్టు ముందు పెట్టాను. ఆమెకి నోట మాట రాలేదు. కేసు కొట్టేశారు. బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే ఆమె వెతుక్కుంటూ వచ్చి, "బాబూ, నాను అబద్దమాడినానని రాసీసినారేటి?" అని అడిగింది. కళ్ళల్లో నీళ్ళు. అబద్ధమాడలేదని నాకూ తెలుసు. ఆ స్తంభం కింద ఆ మనుషుల్ని కొన్ని వేలసార్లు చూసి ఉంటుంది. ఆ రాత్రి చీకట్లో కనపడని భాగాన్ని మిగిలిన రాత్రుల వెలుగు తెచ్చి మనసు పూడ్చేసింది. ఏది చూసిందో ఏది పూడ్చిందో ఆమెకి తెలిసే దారి లేదు, లోపలి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కేసు గెలిచాను, ఫీజు తీసుకున్నాను. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ఇంటికి నాతోనే వచ్చింది.

తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు విద్యార్థులకి కార్లు ఢీకొన్న చిన్న ఫిల్ము చూపించారు. కొందరిని "కార్లు తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి" అని, ఇంకొందరిని "కార్లు గుద్దేసుకున్నప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి" అని అడిగారు. గుద్దేసుకోవడం అన్న మాట విన్నవాళ్ళు స్పీడు ఎక్కువ చెప్పారు. అది సరే. వారం పోయాక మళ్ళీ పిలిచి, పగిలిన గాజు ముక్కలు చూశారా అని అడిగారు. ఫిల్ములో గాజు ముక్కలే లేవు. తగిలాయని విన్న 50 మందిలో 7గురు చూశామన్నారు. గుద్దేసుకున్నాయని విన్న 50 మందిలో 16 మంది. ఒక్క మాట మార్చితే లేని గాజు పగిలింది. మా చట్టం రాసినవాళ్ళు ఈ సంగతి ముందే పసిగట్టినట్టున్నారు. సొంత సాక్షిని చీఫ్‌లో జవాబు అందించే ప్రశ్న అడగకూడదని 1872 నాటి సాక్ష్య చట్టంలోనే పెట్టారు. 2024 జులైలో కొత్త చట్టం వచ్చినా ఆ నియమం పోలేదు.

ఇప్పుడు మీ చీఫ్‌కి వద్దాం. కోపం తెచ్చుకోకండి, పాత అలవాటుకొద్దీ మీరు రాసింది పెన్సిలు పట్టుకుని చదివాను. తిత్లీ తీరం దాటింది 2018 అక్టోబర్ 11న, పలాస దగ్గర, ఇంకా సరిగ్గా తెల్లవారకుండానే. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. ఆ రోజు గురువారం. మీరు ఆదివారం మధ్యాహ్నం అంటున్నారు. హాస్టల్ గది అంటున్నారు. అదే ప్రశ్నలో పైన, 2017 నుంచి హైదరాబాద్‌లో ఉద్యోగం, స్నేహితులతో అద్దె ఫ్లాట్ అని రాశారు. మరి ఆ హాస్టల్ ఎక్కడిది?

మన ప్రాంతానికి ఆదివారం పట్టపగలు వచ్చిన తుపాను ఒకటుంది, హుద్‌హుద్. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది. దానికి ముందేడు సరిగ్గా అదే తేదీన, రాత్రిపూట, ఇచ్ఛాపురానికి అవతల గోపాల్‌పూర్ దగ్గర పైలిన్ దాటింది. ఆరు అక్టోబర్లలో మూడు తుపాన్లు, మూడూ దసరాకి అటూ ఇటూ. మా ఇంట్లో వెనక గోడ ఏ తుపానుకి పడిందని అడిగితే ముగ్గురం మూడు పేర్లు చెబుతాం. గోడ ఒక్కసారే పడింది.

కాబట్టి మీరు ఎత్తని ఆ ఫోను హుద్‌హుద్ నాటిది కావచ్చు. అదే అయితే ఆ తర్వాత మీ నాన్నగారు ఐదేళ్ళకు పైగా బతికారు, మీతో కొన్ని వందలసార్లు మాట్లాడి ఉంటారు.

ఆగండి. ఇది చదవగానే మీలో ఏదో కదిలి ఉంటుంది, "అవునవును, ఆ హాస్టల్, ఆ కిటికీ" అని. దాన్ని కూడా వెంటనే నమ్మకండి. నేను ఇప్పుడు చేసిన పనికి మా భాషలో సజెషన్ అని పేరు. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, జరిగింది ఇదీ అని మేము సజెస్ట్ చేస్తాం, సాక్షి "నిజం కాదు" అంటాడు, రెండూ రికార్డుకెక్కుతాయి. బోనులో ఉన్నవాడికి ఎదుటివాడు పడగొట్టడానికే అడుగుతున్నాడని తెలుసు కాబట్టి జాగ్రత్తగా ఉంటాడు. మీరు నన్ను మీ మంచికోరేవాణ్ణి అనుకుంటున్నారు, అది ఇంకా ప్రమాదం. ఆ లాఫ్టస్ గారే 1995లో ఇంకొకరితో కలిసి 24 మందికి, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారంటూ అసలు జరగని కథని ఇంట్లోవాళ్ళు చెప్పినట్టుగా చదివించారు. నాలుగో వంతు మంది కొంతో గొప్పో గుర్తుందన్నారు. నేను చెప్పింది కూడా మీరు రాసిన రెండు మాటలు పట్టుకుని అల్లిన కథే. హాస్టల్ తప్పై, ఫోన్ నిజమై ఉండొచ్చు. పదో తేదీ రాత్రి నిజంగానే నాన్నగారు చేసి ఉండొచ్చు, దానికి పాత ఆదివారం వచ్చి అతుక్కుని ఉండొచ్చు.

మీ అన్నయ్యగారి మాటకీ అంతే విలువ ఇవ్వండి, అంతకంటే ఎక్కువ వద్దు. టవర్లు పడ్డాయి, నిజమే. గాలి వచ్చాక కదా పడతాయి. ముందురోజు సాయంత్రం ఫోన్లు మోగే ఉంటాయి. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక, సిగ్నల్ లేక పడిన పాట్లు ఆయన మనసులో ఎంత గట్టిగా కూర్చున్నాయో, ముందురోజుని కూడా ఆ చీకటి కప్పేసి ఉంటుంది. పైగా ఆయన అక్కడున్నారు, మీరు లేరు. "నీకేటి తెలుసు" అన్న బాధ ఆ మాటలో కొంచెం ఉంటుంది. 1757 నాటి బొబ్బిలి యుద్ధం గురించి బొబ్బిలిలో వినండి, తర్వాత విజయనగరం వచ్చి వినండి, ఒకే యుద్ధమా అనిపిస్తుంది. పెళ్ళిచూపుల్లో ఈ చర్చ వచ్చి కాఫీలు చల్లారిపోవడం కళ్ళారా చూశాను. ఒక ఇంట్లో ఇద్దరికి రెండు జ్ఞాపకాలుంటే వింతేముంది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఊరందరినీ అనుమానించి నాది దాచుకున్నట్టవుతుంది. నేను పుట్టి పెరిగింది విజయనగరం. ఐదేళ్ళప్పుడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. మూడులాంతర్ల దగ్గర ఇసుక వేస్తే రాలని జనం. ముందు బెస్తవారి వల, తెల్ల ఏనుగు వెళ్ళాయి, వాటి వెనక సిరిమాను, దాని కొసన ఆకాశంలో పూజారి. నా కాళ్ళు పట్టుకున్న చేతులు, చెమటకి తడిసిన చొక్కా, బీడీ వాసన. ఈ కథ నా పిల్లలకి చెప్పాను, నాన్న పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడ్చాను. తర్వాత అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక ఇన్‌లాండ్ లెటర్ దొరికింది. అప్పట్లో నాన్నకి ఒడిశా జయపురంలో ఉద్యోగం, అక్కడి నుంచి రాశాడు. "బాబుని అమ్మవారి పండగకి మీ తమ్ముడు తీసుకెళ్ళాడా? గుంపులో జాగ్రత్త." పైన పోస్టు ముద్రలో తేదీ సిరిమాను జరిగిన వారానిదే. అమ్మని అడిగితే స్టవ్ దగ్గర నుంచి కదలకుండానే, "మీ నాన్నేటి, నిన్ను ఎత్తుకుంది మావయ్య కదా" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు.

మా నాన్న జన్మలో బీడీ ముట్టలేదు. కాల్చేది మావయ్య. కాంట్రడిక్షన్ నా సాక్ష్యంలోనే కూర్చుని ఉంది. అంతమంది సాక్ష్యాల్లో వెంట్రుకలు లెక్కపెట్టినవాణ్ణి, ఆ బీడీ వాసనని ఒక్కసారైనా ప్రశ్నించలేదు. అక్కడ నాకు నాన్న కావాలి, అందుకని.

మీకేం కావాలో నేను చెప్పలేను. కానీ నా కక్షిదారుల్లో ఒక రకం మనుషుల్ని చూశాను. జరిగినదానికి తమదే తప్పని పట్టుబట్టేవాళ్ళు. తప్పు తమదైతే, తాము ఇంకోలా చేసి ఉంటే జరిగేది కాదన్న ఆశ ఒకటి మిగులుతుంది. గాలి వచ్చింది, చెట్లు పడ్డాయి, దానికి ఎవరూ జవాబుదారీ కారు అనుకోవడం అంతకంటే కష్టం. ఇంతకీ నేరం రుజువైందనే అనుకుందాం. ఆదివారం మధ్యాహ్నం నిద్రలో నాన్న ఫోన్ ఎత్తకపోవడం. ఏ సెక్షన్ కింద శిక్ష వేయమంటారు? ఏడేళ్ళు ఇప్పటికే అనుభవించారు.

1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడే ఉల్రిక్ నైసర్ అనే ఆచార్యుడు ఆ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా విన్నారో విద్యార్థుల చేత రాయించి దాచారు. రెండున్నరేళ్ళు దాటాక వాళ్ళలో 44 మందిని మళ్ళీ అడిగారు. 11 మందికి ఒక్క ముఖ్యమైన వివరం కూడా సరిపోలేదు. తప్పు చెప్పినవాళ్ళలో చాలామంది తడబడలేదు, ఖాయంగా చెప్పారు. తమ చేతిరాతే చూపించినా పాత సంగతి తిరిగి రాలేదు. మా కోర్టుల్లో ఫిర్యాదు ఎంత త్వరగా ఇచ్చారు అన్నదాన్ని అంతలా పట్టిచూసేది ఇందుకే, ఆలస్యమైన కొద్దీ కథకి కాళ్ళూ చేతులూ మొలుస్తాయి. మీరు ఆ రోజు ఏమీ రాసుకోలేదు, ఏడేళ్ళుగా రాత్రుళ్ళు చెప్పుకుంటున్నారు. గుర్తు చేసుకోవడమంటే బీరువాలోంచి ఫైలు తీసి, చదివి, అలాగే పెట్టేయడం అనుకుంటాం. 2000లో కరీం నాదర్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, పాత భయాన్ని తట్టి లేపితే ఆ జ్ఞాపకం కాసేపు మెత్తబడి మళ్ళీ కొత్తగా గట్టిపడాల్సి వస్తుందని తేలింది. ఎలుక సంగతి అలా ఉంచినా, నేను చూసిందీ దానికి దగ్గరగానే ఉంది. పది వాయిదాలు తిరిగి, పదిసార్లు ప్లీడరు గదిలో అప్పజెప్పిన సాక్షి మొదటి రోజు సాక్షిలా ఉండడు. మాట నున్నగా వస్తుంది. నున్నగా వచ్చిందంటే నాకు అనుమానం.

ఇదంతా చదివి "అయితే నాన్న గురించి నాకు గుర్తున్నదేదీ నిజం కాదా" అని టెన్షన్ పడొద్దు. 1983లో భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది మా ప్లీడర్లందరికీ కంఠతా వచ్చు. సాక్షికి ఫోటో తీసినట్టు గుర్తుండాలని ఆశించకూడదు, మనసు తెర మీద వీడియో టేపు తిరగదు, చిన్న చిన్న తేడాలు వచ్చాయని అసలు విషయాన్ని తోసేయకూడదు. ముద్దాయి తరఫున నిలబడే రోజుల్లో ఈ తీర్పంటే నాకు ఒళ్ళుమంట. ఇప్పుడు పెద్ద గౌరవం. మీ సాక్ష్యంలో వారం, గది, గంట పోతే పోనివ్వండి. తోట పడిన పొద్దున్న నాన్న పక్కన మీరు లేరు. ఆ ముక్క ఏ క్రాస్‌కీ కదలదు. ఆ బాధకి ఫోన్ కాల్ సాక్ష్యం అక్కర్లేదు.

ఇక ఇప్పట్లో బతకడం. "గతం గతః, ఈ క్షణంలో ఉండండి" అని చెప్పేవాళ్ళు వాట్సాప్‌లో రోజూ పొద్దున్నే సూర్యోదయం బొమ్మతో సహా దొరుకుతారు. నాకది పనిచేయలేదు. వదలమన్న కొద్దీ వచ్చి కూర్చుంటుంది. పనికొచ్చింది ఒక మాట అర్థం. శాలిహుండం వెళ్ళే ఉంటారు, వంశధార పక్కన కొండ మీద బౌద్ధ స్తూపాలు. బౌద్ధుల ధ్యానంలో ఎరుకతో ఉండటానికి పాళీలో వాడే మాట 'సతి'. ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నది దాన్నే. ఆ సతి మన సంస్కృతం 'స్మృతి'యే. ఎరుకని జ్ఞాపకం పేరుతో ఎందుకు పిలిచారా అని చాలా రోజులు ఆలోచించాను. ఇప్పుడు నేనెక్కడున్నాను, ఏం చేస్తున్నాను అన్నది మరిచిపోకుండా ఉండటం కూడా గుర్తుపెట్టుకోవడమే కదా. మా తాతగారు విజయనగరం సంస్కృత కళాశాలలో తర్కం చదివారు. అనుభవం వేరు, స్మృతి వేరురా, ఆ రెండోది లోపలి సంస్కారంలోంచి పుడుతుంది అనేవారు. అప్పుడు చెవికెక్కలేదు.

నేను చేసేది చాలా చిన్న పని. పాత సంగతి పైకొచ్చినప్పుడు దానికి ఇవాళ్టి తేదీ వేస్తాను. "ఇవాళ మంగళవారం, పొద్దున్న ఆరున్నర, నాగావళి గట్టు మీద నడుస్తుంటే ఇది గుర్తొస్తోంది." అంతే. కోర్టులో వాంగ్మూలం మీద వేసేది అది చెప్పిన రోజు తేదీ, సంఘటన జరిగిన తేదీ కాదు. అలా అనుకున్నాక కాళ్ళ కింద నేల తెలుస్తుంది, ఏట్లో గేదెల్ని కడుగుతున్న మనిషి కనిపిస్తాడు. రెండు నిమిషాల్లో మనసు మళ్ళీ ఎటో పోతుంది. పోనివ్వండి. 2010లో హార్వర్డ్ వాళ్ళు 2,250 మందిని ఫోన్ల ద్వారా ఏ వేళప్పుడంటే ఆ వేళప్పుడు అడిగి చూస్తే, దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. ఇది మీ ఒక్కరి రోగం కాదు. అయితే మీరు రాసినట్టు రాత్రి మూడింటికి మెలకువ రావడం, అన్నం సహించకపోవడం వారాల తరబడి సాగుతుంటే ఈ గట్టు మీద నడకలు సరిపోవు, మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్లీడరు సలహాతో ఆగిపోవద్దు.

అన్నయ్యతో ఈసారి వాదన పెట్టుకోకండి. ఆయనకి ఒకే ప్రశ్న వేయండి. "ఆ పొద్దున్న గాలి ఆగాక నాన్న తలుపు తీసి మొదట ఎటు నడిచారు?" అని. జవాబు అందించకుండా అడగండి. ఆయన చెబుతున్నంతసేపూ మధ్యలో దిద్దకండి. ఆయన ఆ పొద్దుటి గురించి మీతో ఎప్పుడూ చెప్పలేదని నా అనుమానం, ఎందుకంటే ఇన్నేళ్ళూ ఇద్దరూ ఫోన్ గురించే మాట్లాడుకున్నారు.

డ్రాయర్‌లో ఉన్న పాత ఫోన్ సంగతి. అన్నేళ్ళ కిందటి కాల్ లిస్టు అందులో ఉండకపోవచ్చు, కంపెనీవాళ్ళ దగ్గరా అన్నేళ్ళు ఉంచరు. అయినా చూడాలనిపిస్తే చూడండి, నేను వద్దనను. ఛార్జింగ్ పెట్టే ముందు మాత్రం ఒక కాగితం తీసుకుని రెండు లైన్లు రాయండి. కాల్ కనిపిస్తే రేపటి నుంచి నేను ఏం చేస్తాను, కనిపించకపోతే ఏం చేస్తాను. రెండు చోట్లా ఒకే జవాబు వస్తే, ఛార్జర్ కోసం వెతకడం మానేసి అన్నయ్యకి ఫోన్ చేయండి.